విషమునకు గురి నేర్పిన ఎర్లిక్ పండితుడు

ఆముదపు గింజలోని రైసిను, గురిగింజలోని ఏబ్రిను ప్రాణాంతకములు. 1854లో సైలీషియాలో జన్మించిన పాల్ ఎర్లిక్ 1891లో వీనిని చుంచెలుకలకు స్వల్పమాత్రలతో నారంభించి క్రమముగా హెచ్చించి యొసగి, వానికి విషనిరోధశక్తి కలుగుట నిరూపించెను. రోగకారణమునే తాకి దేహమును బాధింపని ఔషధము ఆయన జీవితధ్యేయము. 1908లో నోబెల్ బహుమానము పొందెను, 1910లో సవాయిరోగమునకు సాల్వర్సాను నొసగెను, 1915లో గతించెను.

నేడు శాస్త్రజ్ఞులు ఉద్భిజ్జవిషములను ప్రతిరక్షకములతో జతగూర్చి కేన్సరు కణములపై గురిపెట్టుచున్నారు. కాని కణమున జొచ్చిన విషము లోని తిత్తులలో చిక్కి చాలవరకు నశించుచున్నది. కుంకుడు నురుగునకు హేతువులగు సపోనినుల జాతిలో కొన్ని ఆ విషమును తిత్తులు దాటించి, అల్పమాత్రకే అధికఫలము నిచ్చునని ప్రయోగశాలలలో తేలినది. చికిత్సగా నిది యింకను పరీక్షాదశలోనిదే. పెరటి చెట్టును స్తుతించుటతో తృప్తిపడక, ఎర్లిక్ వలె నోర్పుతో పరీక్షింపుడని మన యువకులను కోరుచున్నాము.