బందరు నుంచి బయల్దేరిన బొమ్మ

నంది అవార్డుల లిస్టులో 'రఘుపతి వెంకయ్య పురస్కారం' అనే పేరు మీరు చూసే ఉంటారు. చూసి, ఎవరో పాతకాలం పెద్దాయన అనుకుని కిందికి స్క్రోల్ చేసేసి ఉంటారు. నేనూ అంతే. బీటెక్ అయ్యేదాకా ఆయన బ్లాక్ అండ్ వైట్ రోజుల దర్శకుడు అనుకున్నాను. తర్వాత ఒకరోజు పాత ప్రొజెక్టర్ల గురించి చదువుతుంటే ఆయన పేరు తగిలింది. అప్పుడు తెలిసింది, తెలుగు సినిమా పితామహుడని మనం పిలుచుకునే ఈ మనిషి చేతి మీదుగా తెలుగు మాట్లాడిన సినిమా ఒక్కటి కూడా రాలేదని.

మరి అంత పేరెలా వచ్చింది? ఆయన ఒక మెషిన్ కొన్నారు. కథంతా అక్కడే మొదలైంది.

రఘుపతి వెంకయ్య నాయుడిది మచిలీపట్నం. మన బందరే. బొమ్మలు వేయడం, ఫొటోలు తీయడం ఆయన పిచ్చి. ఇప్పుడు ఫొటోగ్రఫీ అంటే జేబులో ఫోన్ తీయడమే. 19వ శతాబ్దం చివర్లో అలా కాదు. ఒక్కో ఫొటోకి ఒక్కో గాజు పలక కావాలి. బరువైన కెమెరా, మూడు కాళ్ల స్టాండు, చీకటి గది, వాసన కొట్టే రసాయనాలు. నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్దాలంటే బొమ్మలు వేసే చెయ్యి కూడా ఉండాలి. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మన ఊళ్లలో జనం గట్టిగా నమ్మే రోజులవి. అంటే క్లయింట్లని వెతుక్కోవడం కంటే ముందు వాళ్ల భయం పోగొట్టాలి.

అప్పట్లో కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. చదువుకున్నా, పనితనం ఉన్నా, కాస్త పెద్దగా ఎదగాలనుకున్నవాళ్లు మద్రాసు రైలెక్కాల్సిందే. ఇప్పుడు మనం హైదరాబాద్, బెంగళూరు బస్సులెక్కినట్టే. వెంకయ్య కూడా చిన్న వయసులోనే మద్రాసు చేరారు. పేరున్న ఫొటోగ్రాఫర్ అయ్యారు. ఊళ్లోకెల్లా ఖరీదైన మౌంట్ రోడ్డులో స్టూడియో పెట్టారు. మన ఇళ్లలో వాడే భాషలో చెప్పాలంటే కుర్రాడు సెటిలైపోయాడు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే లేదు.

గాలితో పాడిన యంత్రం

1909లో ఆయన కన్ను 'క్రోనో మెగాఫోన్' అనే పరికరం మీద పడింది. ఇది ఫ్రాన్స్‌లోని గోమాంట్ కంపెనీ తయారు చేసింది. ఒక పక్క ప్రొజెక్టర్, ఇంకో పక్క గ్రామఫోన్. తెర మీద బొమ్మ కదులుతుంటే దానికి సరిపడా పాట, మాట గ్రామఫోన్ నుంచి వస్తాయి. మన దేశంలో టాకీ సినిమా పుట్టింది 1931లో. అంటే అంతకు 20 ఏళ్ల ముందే బొమ్మకి గొంతు పెట్టే ప్రయత్నం ఇది.

ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగండి, మజా ఉంది. రెండు సమస్యలు. ఒకటి, రెండు మెషిన్లని ఒకే వేగంతో నడపాలి. దానికి గోమాంట్ వాళ్లు రెండింటి మోటార్లనీ కరెంటు ద్వారా జత చేశారు. ఆపరేటర్ ముందు ఒక డయల్ ఉండేది. బొమ్మ వెనకబడినా, పాట వెనకబడినా దాన్ని చూసి సర్దేవాడు. చౌక బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో సినిమా చూసినప్పుడు హీరో పెదవులు ముందు, మాట తర్వాత వస్తుంది చూడండి, సరిగ్గా ఆ బాధే. పైగా రీలు ఎక్కడైనా తెగితే? అతికించేటప్పుడు కొన్ని ఫ్రేములు పోతాయి. రికార్డులో పాట మాత్రం తగ్గదు కదా. అక్కణ్నుంచి లెక్క తప్పుతుంది.

రెండోది సౌండు. ఇప్పటిలా ఆంప్లిఫైయర్లు లేవు. గ్రామఫోన్ గొంతు ఒక గదికి చాలుతుంది గానీ హాలుకి చాలదు. అందుకని వాళ్లు గాలిని వాడారు. సూది కదలికతో ఒక చిన్న వాల్వు కదులుతుంది. ఆ వాల్వు గుండా ఒత్తిడితో గాలిని పంపిస్తే ధ్వని పెద్దదవుతుంది. స్పీకర్ బదులు గాలి పంపు అన్నమాట! పేరులో 'మెగా' ఉన్నది అందుకే. ఇంతా చేసి ఒక రికార్డు మీద పట్టేది మూడు నాలుగు నిమిషాలే. రీల్స్ చూసే మనకి అది చాలా ఎక్కువ, వాళ్లకి అది చాలా తక్కువ.

దీని ధర 30 వేల రూపాయలని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. 1909లో 30 వేలు! స్టూడియో తాకట్టు పెట్టి మరీ కొన్నారని కూడా అంటారు. నేను ఉద్యోగం లేని రోజుల్లో ఈఎంఐ మీద కెమెరా కొంటేనే మా ఇంట్లో వారం రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అయితే ఇది ఆలోచన లేకుండా ఎగిరి దూకడం కాదని నా అభిప్రాయం. లెన్సు, కాంతి, ఫిల్ము, రసాయనాలు ఆయనకి అప్పటికే చేతిలో పని. జనం బొమ్మ కోసం డబ్బు ఇస్తారని ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నారు. నిశ్చలంగా ఉన్న బొమ్మ నుంచి కదిలే బొమ్మకి వెళ్లారు, అంతే. ఇంచుమించు అదే కాలంలో తిరుచ్చిలో స్వామికన్ను విన్సెంట్ అనే రైల్వే గుమాస్తా ఒక ఫ్రెంచి ప్రదర్శకుడి దగ్గర ప్రొజెక్టర్, రీళ్లు కొనేసి ఉద్యోగం వదిలేసి ఊరూరా తిరిగాడు. ఆయనది అంతకన్నా పెద్ద దూకుడు.

డేరా, పడవ, రంగూన్

వెంకయ్య మొదటి ప్రదర్శన మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో జరిగింది. 'పెర్ల్ ఫిష్', 'రాజాస్ క్యాస్కెట్' లాంటి చిన్న చిత్రాలు వేశారు. ఒక్కొక్కటి సుమారు 500 అడుగులు. ఆ కాలం వేగంతో నడిపితే ఎనిమిది నిమిషాల పైచిలుకు. విదేశీ బొమ్మలే. అయినా జనం విరగబడ్డారు.

ఇక ఆయన ఒకచోట కూర్చోలేదు. బెంగళూరు వెళ్లారు. మన బెజవాడ వచ్చారు. సింహళం దాటారు, అటు బర్మాలో రంగూన్, పెగూ దాకా వెళ్లారు. రంగూన్ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. అప్పట్లో కోస్తా జిల్లాల కూలీలు, గుమాస్తాలు, మేస్త్రీలు వేలాదిగా పనికోసం వెళ్లిన ఊరు అది. ఆ రోజుల గల్ఫ్, అమెరికా రెండూ కలిపితే రంగూన్. ఒంటరిగా ఉండే మగవాళ్లు, జేబులో కూలి డబ్బులు, సాయంత్రమైతే కాలక్షేపం లేదు. ఆడియన్స్ ఎక్కడున్నారో అక్కడికి పరికరాన్ని పడవెక్కించి తీసుకెళ్లడం చిన్న విషయం కాదు. ప్రొజెక్టర్, గ్రామఫోన్, గాలి పంపు, తెర, రీళ్ల పెట్టెలు. కరెంటు లేని ఊరైతే దానికీ ఏర్పాటు మనదే. ఆ కాలం ఫిల్ము నైట్రేట్‌ది, నిప్పు సోకితే భగ్గుమంటుంది. రీలు పాడైతే కొత్తది సముద్రం అవతల నుంచి రావాలి.

తిరిగొచ్చాక మద్రాసు ఎస్ప్లనేడ్‌లో డేరా వేసి ఆడించారు. ఆ అనుభవం తర్వాతే ఆయనకి అసలు విషయం అర్థమై ఉండాలి. తిరుగుతూ ఎంత సంపాదించినా, డేరాకి వచ్చేవాళ్లు ఒకలాంటి జనం. కుటుంబాలతో వచ్చి, వారం వారం మళ్లీ మళ్లీ రావాలంటే గోడలు, కుర్చీలు ఉన్న పక్కా హాలు కావాలి.

1914లో మౌంట్ రోడ్డు పక్కనే 'గెయిటీ' థియేటర్ లేచింది. మద్రాసులో ఒక భారతీయుడు సినిమా కోసం కట్టించిన మొదటి హాలు ఇదే. అప్పటిదాకా అక్కడి హాళ్లు తెల్లదొరల చేతుల్లో ఉండేవి. తర్వాత మింట్ స్ట్రీట్‌లో 'క్రౌన్', పురసవాక్కంలో 'గ్లోబ్' కట్టారు. గ్లోబ్ తర్వాతి కాలంలో 'రాక్సీ' అయింది. మూడు హాళ్లూ మూడు వేర్వేరు పేటల్లో ఉన్నాయి, గమనించండి. మౌంట్ రోడ్డు షోకైన వీధి, మింట్ స్ట్రీట్ వ్యాపారాల వీధి, పురసవాక్కం జనం కాపురాలుండే పేట. ఎవరి ప్రేక్షకులు వాళ్లకి.

ఆ హాళ్లలో అమెరికా సీరియళ్లు ఆడాయి. 'ది మిలియన్ డాలర్ మిస్టరీ', 'ది బ్రోకెన్ కాయిన్' వంటివి. ప్రతి భాగం చివర హీరోయిన్ ఏదో ఆపదలో ఇరుక్కుంటుంది, మిగతాది వచ్చే వారం. వెబ్ సిరీస్‌లో ఎపిసోడ్ చివర మిమ్మల్ని నిద్రపోనివ్వని ట్రిక్కు కొత్తదేం కాదు.

కొడుకు చదువు, భీష్ముడి శపథం

హాళ్లున్నాయి, జనమున్నారు. వేయడానికి మాత్రం ఎవరివో బొమ్మలు. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీసి, మన కథల్ని మనమే తీయొచ్చని చూపించేశారు. వెంకయ్య తన కొడుకు రఘుపతి ప్రకాష్‌ని సినిమా నేర్చుకోవడానికి ఇంగ్లండ్ పంపారు. లాయరు అవ్వమనో, ఐసీఎస్ రాయమనో కొడుకుల్ని విమానం... కాదు, ఓడ ఎక్కించే తండ్రులున్న కాలంలో సినిమా తీయడం నేర్చుకురా అని పంపిన తండ్రి ఈయన. ఇదొక్కటి చాలు నాకు ఆయన మీద గౌరవం కలగడానికి.

ప్రకాష్ అక్కడి స్టూడియోలు చూసి తిరిగొచ్చారు. తండ్రీకొడుకులు 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్ ఫిల్మ్స్' పేరుతో సంస్థ పెట్టారు. 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ప్రకాష్ దర్శకుడు, భీష్ముడూ ఆయనే. మన ఆడవాళ్లు కెమెరా ముందుకు రావడానికి ఒప్పుకోని రోజులు కాబట్టి గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి వేసింది. మూకీ కాబట్టి ఆమెకి తెలుగు వచ్చినా రాకపోయినా ఫర్వాలేదు. తెలుగువాళ్లు తీసిన మొదటి సినిమాగా చరిత్రలో నిలిచింది ఇదే. రీళ్లు మాత్రం ఇప్పుడు లేవు. మీరూ నేనూ ఎంత వెతికినా చూడలేం.

అదే 1921లో విజయవాడలో 'మారుతి' సినిమా హాలు మొదలైంది. ఆంధ్రలో పక్కా థియేటర్లకి అది తొలి మెట్టు. తర్వాత గాంధీనగర్ వీధుల్లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు నిండిపోయి, సినిమా రిలీజంటే విజయవాడ అనే రోజులొచ్చాయి.

ప్రకాష్ దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లలో సి.పుల్లయ్య ఒకరు. కాకినాడలో సొంతంగా మూకీ తీసి, 1934లో 'లవకుశ' అనే టాకీతో ఊళ్లకి ఊళ్లని బళ్లు కట్టించి థియేటర్లకి రప్పించింది ఆయనే. వెంకయ్యగారి డబ్బుతో నడిచిన ఆ కంపెనీ లాభాలు ఇవ్వలేదు గానీ, మనుషుల్ని తయారు చేసి ఇచ్చింది.

లాభాల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. సినిమా తీయడం థియేటర్ నడపడంలాంటిది కాదు. హాల్లో ఈ వారం బొమ్మ పోతే వచ్చే వారం ఇంకోటి వేసుకోవచ్చు. సొంత సినిమా పోతే మొత్తం పోయినట్టే. అప్పులు పెరిగాయి. కట్టిన థియేటర్లు ఒక్కొక్కటీ చేజారాయి. నన్నడిగితే, మెషిన్ కొన్నప్పుడు పెట్టిన పందెం కన్నా ఇది చాలా పెద్దది. ఫొటోగ్రఫీ నుంచి ప్రదర్శనకి, ప్రదర్శన నుంచి హాళ్లకి ఆయన ఒక్కో మెట్టూ కింది మెట్టు సంపాదనతో ఎక్కారు. నిర్మాణం దగ్గర మాత్రం అన్ని మెట్లనీ ఒకేసారి ఊగిసలాటలో పెట్టారు. ఇది వందేళ్ల తర్వాత ఏసీ గదిలో కూర్చుని చెప్పే మాట, నిజమే. అప్పుడు అక్కడ ఉంటే నేనూ కొడుకు మొహం చూసి సంతకం పెట్టేసేవాణ్నేమో.

1931 మార్చి 14న బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదలైంది. ఆ వెంటనే తెలుగులో 'భక్త ప్రహ్లాద' వచ్చింది. బొమ్మ మాట్లాడింది, ఈసారి గాలి పంపులూ డయళ్లూ లేకుండా, శబ్దం ఫిల్ము మీదే అచ్చయి. రీలు తెగి అతికించినా మాట బొమ్మతోనే ఉంటుంది. 1909లో వెంకయ్య డబ్బు పోసి కొన్న కల అప్పటికి నిజమైంది. అది ఆడించడానికి ఆయన చేతిలో హాలు లేదు. 1941 మార్చి 15న ఆయన కన్నుమూశారు.

తర్వాత 40 ఏళ్లకి, 1980లో, ఆయన పేరిట ప్రభుత్వ పురస్కారం మొదలైంది. మొదటిది ఎల్.వి.ప్రసాద్‌కి ఇచ్చారు. ఆయన 'ఆలం ఆరా'లోనూ, 'భక్త ప్రహ్లాద'లోనూ వేషం వేసిన మనిషి.

ఇయర్‌ఫోన్స్ దగ్గరుంటే ఇప్పుడే యూట్యూబ్‌లో గోమాంట్ 'ఫోనోసీన్'లని వెతకండి. అలిస్ గీ అనే మహిళా దర్శకురాలు వాటిలో 100కి పైగా తీసింది. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఒక పాటగాడు తెర మధ్యలో నిలబడి ఫ్రెంచిలో ఏదో పాడుతుంటాడు. పాట అర్థం కాదు, పెదవులు మాత్రం కలుస్తాయి. బందరు కుర్రాడు స్టూడియో తాకట్టు పెట్టిన బొమ్మలు అలాంటివే.

ఇంటర్వ్యూ కోసం ఎప్పుడైనా పినాకిని ఎక్కి చెన్నై వెళితే, సెంట్రల్ స్టేషన్ దిగి బయటికి రాగానే ఆటోవాళ్లతో బేరం మొదలుపెట్టకండి. రిపన్ బిల్డింగ్ పక్కన ఎర్రటి పాత భవనం ఒకటి ఉంటుంది. అదే విక్టోరియా పబ్లిక్ హాలు.