కాందిశీకుల ఆప్తుడు నాన్సెన్

లోకమున కీర్తి గడించినవారు పలువురు గలరు. గడించిన కీర్తిని దిక్కులేని వారి కొరకు వినియోగించినవారు కొందరే. అట్టి కొందరిలో నార్వే దేశీయుడగు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ఒకడు. మంచు సముద్రములను శోధించిన సాహసికునిగా అతని పేరు మన విద్యార్థులలో కొందరు వినియుందురు. కాని యతడు అరువదియేండ్ల ప్రాయమున నొక నూతనోద్యోగమును చేపట్టి, పరదేశములలో ఇల్లు వాకిలి కోల్పోయిన లక్షలాది కాందిశీకులకు అండయైన వృత్తాంతము అంతగా తెలియదు. దానినే యిచట ముఖ్యముగా చెప్పదలచితిమి.

నాన్సెన్ 1861వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన, నేడు ఓస్లో యనబడు క్రిస్టియానియా నగరము చెంత జన్మించెను. తండ్రి న్యాయవాది. నాన్సెన్ జంతుశాస్త్రము నభ్యసించి, నాడీమండలమును గూర్చి పరిశోధన చేసి, 1888లో డాక్టరు పట్టము నొందెను. ఆ యేటనే గ్రీన్లాండు ద్వీపమును మంచుమీదుగా దాటెను. ఆ ద్వీపమున జనులు ఎక్కువగా నివసించునది పడమటి తీరము. అంతకుముందు ప్రయత్నించినవారు అటనుండి బయలుదేరి, కష్టము కలుగగనే వెనుకకు మరలిరి. నాన్సెన్ ఐదుగురు తోడివారితో తూర్పు తీరమున దిగి పడమటికి నడచెను. వెనుక ఆశ్రయము లేనప్పుడు ముందునకే పోవలసి వచ్చునని అతని తలంపు.

1893లో అతడు ఫ్రామ్ అను నౌకలో ఉత్తర ధ్రువము వైపు బయలుదేరెను. మంచు నొక్కినప్పుడు పగులక పైకి లేచునట్లు ఆ నౌక నిర్మింపబడెను. 1895లో జోహాన్సెన్ అను సహచరునితో నౌకను విడిచి, కుక్కలు లాగు బండ్లతో మంచుపై పయనించి, 86 డిగ్రీలు దాటి, అప్పటికి మరి యెవ్వరును చేరని ఉత్తర స్థానమును చేరెను. వారిరువురును ఒక శీతకాలమంతయు రాతి గుడిసెలో తలదాచుకొని 1896లో స్వదేశము చేరిరి. తరువాత నాన్సెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1906 మొదలు 1908 వరకు లండనులో నార్వే రాయబారిగా నుండెను.

మొదటి మహాయుద్ధము 1918లో ముగిసినను, లక్షలాది యుద్ధఖైదీలు ఇంకను పరదేశములలో మ్రగ్గుచుండిరి. వారిని ఇండ్లకు చేర్చుమని నానాజాతి సమితి 1920లో నాన్సెనును కోరెను. తన శాస్త్ర పరిశోధనకు మరలవలెనని ఎంచుచున్న అతడు మొదట సంశయించి, పిదప అంగీకరించెను. రష్యా నూతన ప్రభుత్వము సమితితో మాటలాడుటకు ఇష్టపడలేదు గాని, నాన్సెనుతో మాటలాడెను. రెండేండ్లలో 4,27,886 మంది ఖైదీలు తమ తమ దేశములకు చేర్చబడిరి.

ఆ పని ముగియకమునుపే, 1921లో, సమితి అతనిని రష్యా కాందిశీకుల హై కమిషనరుగా నియమించెను. ఇదియే మేము చెప్పనెంచిన నూతనోద్యోగము. పదవి పెద్దదే గాని సమితి యిచ్చినది కార్యాలయపు వ్యయము మాత్రమే. ఆకలిగొన్న వారికి అన్నము పెట్టుటకు ధనము లేదు. ఆ యేటనే వోల్గా నదీ ప్రాంతమున ఘోరమైన క్షామము సంభవించెను. సహాయమునకై నాన్సెన్ సమితి సభలో ప్రాధేయపడినను ప్రభుత్వములు అంగీకరింపలేదు. అతడు క్షామప్రాంతమునకు స్వయముగా పోయి చూచి, ఊరూర ఉపన్యసించి జనులవద్ద విరాళములు పోగుచేసెను.

కాందిశీకులకు అన్నముతో పాటు మరియొక కొరత యుండెను. 1921 డిసెంబరులో రష్యా ప్రభుత్వము, దేశము విడిచిన పలువురి పౌరత్వమును రద్దుచేసెను. వారెవరో చెప్పు పత్రము లేదు. పత్రము లేనివానిని ఏ దేశమును సరిహద్దు దాటనీయదు. ట్రాన్స్‌ఫరు సర్టిఫికెట్టు లేని విద్యార్థి మరియొక పాఠశాలలో చేరబోయి ద్వారమునొద్ద నిలిచిపోవుట మనము చూచినదే. లక్షలాది జనులు ఆ విధముగా దేశముల వాకిళ్ల నిలిచిపోయిరని యెంచుకొనుడు. 1922 జులైలో నాన్సెన్ జెనీవాలో ప్రభుత్వముల ప్రతినిధులను సమావేశపరచి, కాందిశీకులకు గుర్తింపు పత్రము నిచ్చుటకు ఒడంబడిక చేయించెను. దానికే నాన్సెన్ పాస్‌పోర్టు అని పేరు వచ్చెను. క్రమముగా ఏబదికి పైగా ప్రభుత్వములు దానిని అంగీకరించెను. 1924లో అది ఆర్మీనియనులకును లభించెను. స్ట్రావిన్స్కీ వంటి సంగీతవేత్తలును, పేరులేని కూలివారును ఆ కాగితముతోనే పని వెదకుకొనిరి.

1922లోనే నాన్సెనునకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. ఆ ధనమును అతడు సహాయకార్యములకే వినియోగించెను. అతని ప్రయత్నములన్నియు ఫలించెనని చెప్పజాలము. గ్రీసు, టర్కీల మధ్య 1923లో జరిగిన జనవినిమయమునకు అతడును ఆలోచన చెప్పినవాడే. దానివలన లక్షలాది కుటుంబములు తమ యిష్టముతో పనిలేకయే పుట్టినయూరు విడువవలసి వచ్చెను. ఆర్మీనియాలో కాలువలు త్రవ్వించి కాందిశీకులకు భూములిప్పింపవలెనని 1925లో అచటికి పోయి పథకము సిద్ధపరచెను గాని, ధనము లేక అది నెరవేరలేదు. అయినను వారి పక్షమున మాటలాడుట అతడు మానలేదు.

ఇచట నొక సంగతి దాచుట మాకు న్యాయముగా తోచదు. నాన్సెన్ మన విశ్వాసమునకు చెందినవాడు కాడు. అతడు యౌవనముననే సంఘమును విడిచెను. అట్టివాని చరిత్ర మిషను పాఠశాల పత్రికలో ఏల యని కొందరు అడుగవచ్చును. మంచి సమరయుని ఉపమానమును మనము చిన్ననాటనుండి వల్లించుచున్నాము. గాయపడినవానిని చూచి ప్రక్కగా తొలగిపోయినవారు దేవాలయసేవకులు. ఆగి కట్లు కట్టినవాడు అన్యుడుగా ఎంచబడినవాడు. పొరుగువాడెవడను ప్రశ్నకు ప్రభువు మతము పేరు చెప్పక, చేసిన పనిని చూపెను. ప్రతి ఉదయమును ప్రార్థనకు నిలుచు మనము ఆ త్రోవలో ఎవరివలె నడచుచున్నామో యోచింపవలెను.

నాన్సెన్ 1930వ సంవత్సరము మే 13వ తేదీన తన గృహమున మరణించెను. నార్వే రాజ్యాంగ దినోత్సవమగు మే 17న అతనికి ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. అతని పేర స్థాపింపబడిన కాందిశీకుల కార్యాలయమునకు 1938లో నోబెల్ శాంతి బహుమానము లభించెను. 1954 నుండి ఐక్యరాజ్యసమితి శాఖ కాందిశీకుల సేవకులకు అతని పేర పురస్కార మొసంగుచున్నది.

విద్యార్థులారా! మీరును ఒకనాడు చదువు ముగించి ఉద్యోగములకై స్వగ్రామమును విడిచి దూరదేశములకు పోవుదురు. జీతమెంత, హోదా యెట్టిదని విచారించుట తప్పు కాదు. దానితో పాటు, ఈ పనివలన ఎవరి కన్నీరు తుడువబడునని కూడ విచారించుడు. పత్రము చేతలేక ఎవరైన మీ బల్లయెదుట నిలిచిన దినమున, అతనిని పొమ్మనక ముందు, నాన్సెనును జ్ఞాపకము చేసికొనుడు.