చిత్రకారుడు రాజా రవివర్మ

తిరువాన్కూరు సంస్థానమందలి కిళిమానూరున 1848 ఏప్రిల్ 29న రాజా రవివర్మ జన్మించెను. మేనమామ రాజరాజవర్మ తొలిపాఠములు నేర్పెను. మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆశ్రయమిచ్చెను. నాడు ఈ దేశమున క్రొత్తదైన తైలవర్ణ చిత్రణమును రవివర్మ చాలవరకు స్వయంకృషిచే సాధించి, 1873లో వియన్నా ప్రదర్శనమున బహుమతి నందెను.

రాజులకు, దొరలకు చిత్రములు వ్రాయుచు సుఖముగా నుండదగినవాడే. కాని ఆ చిత్రములు కోటగోడలు దాటవు. గుడిలోనికి అడుగిడ నోచుకొనని జనులెందఱో! తిరువాన్కూరు ఆలయద్వారములు వారికి తెరువబడినది 1936లో గదా. అంతకు 42 ఏండ్లు ముందే, 1894లో, ఆయన బొంబాయిలో శిలాముద్రణాలయము నెలకొల్పెను. లక్ష్మీ సరస్వతులు, గంగను జటలయందు ధరింప నిలిచిన శివుడు అల్పమూల్యమునకే పూరిండ్లలోనికి వేంచేసిరి. వెల గలవానికి, కులము గలవానికి మాత్రమే దర్శనమను కట్టడి అక్కడ లేదు.

ఈ కార్యము ఆయనను అప్పులపాలు చేసెను. ముద్రణాలయము లోనావ్లా చెంతకు తరలినను నష్టము తీరలేదు. 1901లో దానిని జర్మను నిపుణుడు ష్లైషరునకు విక్రయింపవలసివచ్చెను. ఆయన దేవతలు నాటకపాత్రలవలె నున్నారని, పాశ్చాత్యుల అనుకరణమని కళావిమర్శకులు నిందించిరి. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని పటమునకు పసుపుకుంకుమ లుంచిన ఇల్లాలికి ఆ చర్చతో పని లేదు.

రవివర్మ 1906 అక్టోబరు 2న పరమపదించెను. ముద్రణాలయము 1972లో అగ్నికి ఆహుతియయ్యెను. అప్పటికే ఆ పటములు దేశమందలి గోడలపై మూడు తరములు చూచియుండెను.