మూగజీవాల కోసం చట్టసభకెళ్ళిన నాట్యకళాకారిణి

పుట్టినరోజు నాలుగేళ్ళకోసారి మాత్రమే వచ్చేవాళ్ళు మన మధ్య ఎంతమంది ఉంటారు? రుక్మిణీదేవి అరండేల్ అలాంటావిడ. 1904 ఫిబ్రవరి 29న మధురైలో పుట్టారు. ఆవిడ పేరు వినగానే మనకి భరతనాట్యం, మద్రాసులోని కళాక్షేత్ర గుర్తొస్తాయి. కూతుర్ని డ్యాన్సు క్లాసులో చేర్పించిన తల్లులందరికీ తెలిసిన పేరే. కానీ మన ఇంటి గుమ్మంలో తోకాడించే కుక్కకీ, వంటింటి కిటికీలో కూర్చుని పాలగిన్నె వంక చూసే పిల్లికీ కూడా ఆవిడ చేసిన మేలుందని ఎంతమందికి తెలుసు? నాకూ మొన్నమొన్నటిదాకా తెలీదు. తెలిశాక ఆ జీవితం గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది.

తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజనీరు. సంప్రదాయ కుటుంబమే అయినా ఆయన దివ్యజ్ఞాన సమాజంలో చేరి, కుటుంబాన్ని అడయారుకి తీసుకొచ్చారు. అనీబిసెంట్ నీడలో పెరిగింది రుక్మిణి. మన మదనపల్లెలో కాలేజీ పెట్టిన ఆ అనీబిసెంటే. అక్కడే జార్జి అరండేల్ అనే ఇంగ్లీషాయన పరిచయమయ్యాడు. 1920లో ఇద్దరికీ పెళ్ళయింది. అమ్మాయికి 16 ఏళ్ళు, ఆయనకి నలభై దాటాయి. బ్రాహ్మణ పిల్ల తెల్లదొరని చేసుకుందంటే మద్రాసు ఎలా అట్టుడికిపోయి ఉంటుందో ఊహించుకోండి. పత్రికలు రాశాయి, బంధువులు ముఖం చాటేశారు. ఆవిడ మాత్రం భర్తతో కలిసి దేశదేశాలు తిరిగింది. రష్యన్ నర్తకి అన్నా పావ్లోవాతో స్నేహం కుదిరింది. తన దేశపు నాట్యంలో ఏముందో చూసుకోమన్న పావ్లోవా సలహా ఆవిడ మనసులో నాటుకుంది.

ముప్ఫై దగ్గర పడుతున్న వయసులో, ఆడవాళ్ళు ఇక మన పని అయిపోయిందనుకునే ఆ కాలంలో, ఆవిడ గజ్జె కట్టడం నేర్చుకుంది. మైలాపూర్ గౌరి అమ్మాళ్ దగ్గర, తర్వాత పందనల్లూర్ మీనాక్షిసుందరం పిళ్ళై దగ్గర. అప్పటికి ఆ నాట్యాన్ని సదిర్ అనేవాళ్ళు. దేవదాసీ కుటుంబాల స్త్రీలు తరతరాలుగా కాపాడుకొచ్చిన విద్య అది. 1935లో అడయారులో ఆవిడ ప్రదర్శన ఇచ్చినప్పుడు మెచ్చుకున్నవాళ్ళెందరో, ముక్కున వేలేసుకున్నవాళ్ళూ అందరే. ఆ విద్య పెద్దింటి పిల్లల చేతికొచ్చాక అసలు వారసులకి వేదిక దూరమైందన్న బాధ ఇవాళ్టికీ ఉంది. అది న్యాయమైన బాధే. 1936లో పెట్టిన కళాక్షేత్ర మాత్రం మహావృక్షమైంది. 1993లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యమున్న సంస్థగా గుర్తించింది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. ఇక్కణ్ణుంచీ మనం పెద్దగా చెప్పుకోని కథ.

1952లో రుక్మిణీదేవిని రాజ్యసభకి నామినేట్ చేశారు. అలా నామినేట్ అయిన తొలి మహిళ ఆవిడే. కళాకారిణి కదా, కళల గురించి నాలుగు మాటలు మాట్లాడి వస్తుందిలే అనుకుని ఉంటారు. ఆవిడ మరుసటేడే, 1953లో, జంతువుల్ని హింసించకూడదంటూ సొంతంగా ఒక బిల్లు తీసుకెళ్ళి సభ ముందుంచింది. మంత్రి కాదు, వెనక పార్టీ బలం లేదు. అప్పటికి మన దేశంలో ఉన్నది 1890 నాటి తెల్లవాళ్ళ చట్టం. దానికి కాలం చెల్లిపోయిందని ఆవిడ వాదన.

1954లో ఆ బిల్లు చర్చకొచ్చింది. ప్రధాని నెహ్రూ స్వయంగా లేచి మాట్లాడారు. ఉద్దేశం మంచిదే గానీ చిక్కులున్నాయి, ప్రభుత్వమే కమిటీ వేసి సమగ్రమైన చట్టం తెస్తుంది, ఈ బిల్లు వెనక్కి తీసుకోమని కోరారు. ఆవిడ తీసుకుంది. మనలో ఎవరమైనా అయితే ఏం చేసేవాళ్ళం? ఇంతేలే అని మొహం మాడ్చుకుని ఇంటికొచ్చేసేవాళ్ళం. ఆవిడ ఇచ్చిన మాటని గుర్తు చేస్తూ కూర్చుంది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు. 1960 డిసెంబరులో జంతు హింస నివారణ చట్టం వచ్చేదాకా. ఆరేళ్ళు ఓపిక పట్టడమంటే ఏమిటో గృహిణులకి వేరే చెప్పాలా!

ఆ చట్టం మూడో సెక్షన్ ఒక్కటి చాలు ఆవిడ తపనేమిటో తెలుసుకోవడానికి. ఒక ప్రాణి ఎవరి సంరక్షణలో ఉంటే, దాని బాగోగులు చూడటం, దానికి అనవసరమైన బాధ కలగకుండా చూడటం ఆ మనిషి బాధ్యత అంటుందది. జాలిపడమని అడగదు, బాధ్యత అంటుంది. పదకొండో సెక్షన్ ఇంకా వివరంగా చెప్తుంది. కదలడానికి వీల్లేని ఇరుకు పంజరంలో పెట్టడం, మరీ పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని కాస్త నడిపించకుండా వదిలేయడం, తిండీ నీళ్ళూ నీడా లేకుండా చేయడం... ఇవన్నీ నేరాలే. పెంచుకున్న జంతువుని సరైన కారణం లేకుండా వదిలేసి వెళ్ళిపోవడం కూడా నేరమే.

ఈ చివరిదాని దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే మా మాదన్నపేటలో, మా గల్లీలోనే అలాంటిది జరిగింది. కూరగాయల మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఒక ఇంట్లో అద్దెకున్నవాళ్ళు తెల్లటి పామేరియన్ కుక్కని పెంచుకునేవాళ్ళు. చిన్నప్పుడు దాన్ని ఒళ్ళోంచి దించేవాళ్ళు కాదు. దానికి తొమ్మిదేళ్ళొచ్చి, కళ్ళలో పొరలు కమ్మాక ఇల్లు మారారు. బీరువా వెళ్ళింది, ఫ్రిజ్ వెళ్ళింది, తులసికోట కూడా ఆటో ఎక్కింది. కుక్క మాత్రం గేటు దగ్గరే ఉండిపోయింది. తాళం వేసిన ఆ గేటు ముందు పదకొండు రోజులు కూర్చుందది. ఏ స్కూటర్ చప్పుడైనా చెవులు రిక్కించేది. ఎదురింటి ఖాలా మూడు పిల్లుల్ని సాకుతుంది. అందులో ఒక దానికి పన్నెండేళ్ళు, కళ్ళు కనబడవు. దాని గిన్నె ఎప్పుడూ ఒకే మూల ఉండేలా చూస్తుంది, లేకపోతే అది వెతుక్కోలేదని. ఆవిడే నన్ను పిలిచి, బేటీ, ఈ కుక్క నీళ్ళు కూడా తాగట్లేదు చూడు అంది. ఇంట్లోకి కుక్కని రానివ్వని మా అత్తయ్యగారు, అడక్కుండానే పెరుగన్నం కలిపి ఆ గేటు దగ్గర పెట్టొచ్చారు. చివరికి అది మా వరండాలోకి చేరింది. రెండేళ్ళ పైచిలుకు బతికింది. పోయేదాకా స్కూటర్ చప్పుడైతే తల ఎత్తుతూనే ఉండేది.

ఇలా వదిలేయడం నేరమని 1960 నుంచీ రాసి ఉందని తెలిశాక, రాయించిందెవరా అని వెతికితే ఈ నాట్యకళాకారిణి కనబడింది.

అలాగని అంతా ఆవిడ అనుకున్నట్టే జరిగిపోలేదు. ప్రయోగశాలల్లో జంతువుల మీద పరీక్షలు కమిటీ పర్యవేక్షణలో చేసుకోవచ్చని చట్టం ఒప్పుకుంది. జరిమానా సంగతి సరేసరి. మొదటి తప్పుకి 10 నుంచి 50 రూపాయలు. 1960లో 50 రూపాయలంటే మాటలు కాదు. కానీ అరవై ఏళ్ళు దాటినా ఆ అంకె మారలేదు. మా మార్కెట్లో ఇవాళ 50 రూపాయలకి సంచీ అడుగు కూడా నిండదు. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో మాత్రం జంతువుని చంపినా, అంగవైకల్యం కలిగించినా అయిదేళ్ళ దాకా జైలు ఉంది. వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళకి ఆ భయం లేదు.

చట్టం కాగితం మీద ఉంటే సరిపోదని రుక్మిణీదేవికి తెలుసు. 1962లో ఆ చట్టం కిందే జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. బోర్డు ఆఫీసు మద్రాసులోనే ఉండేది. 2018లో అది హర్యానాకి వెళ్ళింది. అదే 1962లో కళాక్షేత్రని తిరువాన్మియూరుకి మార్చుకుంటున్న హడావుడి కూడా ఉంది ఆవిడకి. భర్త 1945లోనే పోయారు. పిల్లల్లేరు. ఒక పక్క నృత్యనాటకాలు, ఇంకో పక్క సర్కసు జంతువులు, బండెడ్లు, వీధికుక్కల గోడు. రెండూ వేర్వేరు పనులని ఆవిడ ఎప్పుడూ అనుకున్నట్టు లేదు.

1977లో మొరార్జీ దేశాయ్ ఆవిణ్ణి రాష్ట్రపతి పదవికి నిలబడమని అడిగారు. ఒప్పుకుని ఉంటే మన దేశానికి తొలి మహిళా రాష్ట్రపతి కోసం 2007 దాకా ఆగాల్సిన పని లేకపోయేది. ఆవిడ వద్దన్నారు. ఆ ఏడాది మన నీలం సంజీవరెడ్డి గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆవిడ తన కళాక్షేత్రలోనే ఉండిపోయారు.

ఆవిడ నాటిన విత్తనం మన ఊరికీ వచ్చిందండోయ్. కళాక్షేత్రలో చదువుకుని నాట్యం నేర్చుకున్న ఒక అమ్మాయి తర్వాత సినిమా తార అయింది, హైదరాబాదు కోడలయింది. అమల అక్కినేని. 1992లో ఇక్కడ బ్లూ క్రాస్ మొదలుపెట్టింది ఆవిడే. దెబ్బతిన్న కుక్కల్నీ, పతంగుల మాంజా చుట్టుకున్న పక్షుల్నీ తీసుకెళ్ళి వైద్యం చేయించే చోటు అలా ఏర్పడింది.

ఇదంతా విని, కుక్కల మీద మీకింత ప్రేమ, మరి పిల్లల మాటేమిటి అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. 2023 ఫిబ్రవరిలో మాకు దగ్గర్లోని అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ వార్త చూసి అన్నం సహించలేదు. మా గల్లీలో నెల్లాళ్ళు పిల్లల్ని ఒంటరిగా బయటికి పంపలేదు. ఏ తల్లి భయమూ తక్కువ కాదు. కానీ ఇంట్లో పెంచుకుని, ఆపరేషను చేయించకుండా, టీకా వేయించకుండా వీధిలోకి వదిలిన ప్రతి కుక్కా ఆ గుంపుని పెంచేదే. వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, రేబిస్ టీకా వేయించాలన్న నిబంధనలు 2001లో వచ్చాయి, 2023లో మార్చారు. అవి సరిగ్గా జరిపించమని మునిసిపాలిటీని అడగడం మన హక్కు. మనింటి దాన్ని వీధిపాలు చెయ్యకుండా ఉండటం మన వంతు. పసిపిల్లల మీద ప్రేమా, మూగజీవం మీద బాధ్యతా ఇక్కడ ఒకదానికొకటి అడ్డు కావు.

కాబట్టి ఇంట్లోకి ఒక ప్రాణిని తెచ్చుకునే ముందు కాస్త లెక్క వేసుకుందాం. కుక్క పది నుంచి పదిహేనేళ్ళు బతుకుతుంది. పిల్లి ఇంకాస్త ఎక్కువే బతకొచ్చు. ఇవాళ మూడో తరగతి చదివే బాబు ముచ్చటపడి తెచ్చుకుంటే, వాడు ఇంజనీరింగుకి వేరే ఊరెళ్ళే నాటికి అది ముసలిదై ఉంటుంది. అప్పుడు చూసేదెవరు? ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లని అమ్మకూడదని 2017 నాటి నిబంధనలున్నాయి. తల్లి దగ్గర్నుంచి అంతకు ముందే లాక్కొస్తే కొనకండి. రామచిలకనీ, నక్షత్ర తాబేలునీ ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే. ముద్దొచ్చినా సరే, తేకండి.

తెచ్చుకున్నాక మొదటి ఏడు టీకాలు, నట్టల మందు తప్పకూడదు. రేబిస్ టీకా ఏటా వేయించాలి. మనం తినేదల్లా పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకి విషంతో సమానం. ఉడికిన కోడి ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపిస్తే పాదాలు కాలిపోతాయి. దీపావళికి లోపలి గదిలో పడుకోబెట్టండి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, పసుపూ కారం పెట్టి కూర్చోకూడదు. ఇక ముసలితనం. కీళ్ళ నొప్పులు, కంటి పొరలు, పక్క తడపడం. ఇంట్లో పెద్దవాళ్ళకి వచ్చేవే దానికీ వస్తాయి. మెత్తటి గోనెపట్టా, మెత్తగా కలిపిన అన్నం, తిట్టకుండా ఉండే నాలిక, దానికి అంతకన్నా ఏం కావాలి?

రుక్మిణీదేవి 1986 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. అది 29వ తేదీ లేని ఏడాది. ఆవిడకి 82 నిండటానికి కొద్ది రోజులే ఉంది. ఆవిడ పేరిట మన ఇళ్ళలో ఫోటో పెట్టక్కర్లేదు, దీపం వెలిగించక్కర్లేదు. ఈసారి ఇల్లు మారేటప్పుడు సామాను జాబితా రాసుకుంటాం కదా, అందులో అన్నిటికంటే పైన, బీరువా కన్నా ముందు, మన కుక్క పేరో పిల్లి పేరో రాద్దాం.