బోస్ వదులుకున్న పేటెంట్, వదలని తేదీ



సైన్స్ ఎగ్జిబిషన్ కోసం మీ అబ్బాయో అమ్మాయో చేసిన మోడల్‌ను వీడియో తీసి వెంటనే యూట్యూబ్‌లో పెట్టేస్తున్నారా? ముచ్చటే. కానీ అందులో నిజంగా కొత్త ఆలోచన ఉంటే? ఒక్క నిమిషం ఆగి, జగదీశ్ చంద్ర బోస్ కథ చదవండి.

1858లో నేటి బంగ్లాదేశ్ ప్రాంతంలో పుట్టిన బోస్, కేంబ్రిడ్జిలో చదివి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ అధ్యాపకుడిగా చేరారు. అదే పనికి యూరోపియన్లకంటే తక్కువ జీతం ఇస్తామన్నారు. ఆయన మూడేళ్లు జీతం ముట్టకుండానే పాఠాలు చెప్పారు. చివరికి పూర్తి జీతం బకాయిలతో సహా వచ్చింది. తన హక్కు ఏమిటో తెలియని మనిషి కాదాయన.

1895లో కలకత్తా టౌన్ హాల్‌లో, తీగలేమీ లేకుండా గోడల అవతల ఉన్న గంటను మోగించారు, మందుగుండు పేల్చారు. 1901లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసానికి ముందు, పేరున్న టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని ఒకరు పేటెంట్ కాగితాలతో ఆయన్ని కలిశారు. అన్ని విషయాలూ సభలో చెప్పొద్దని, పేటెంట్ తీసుకుంటే లాభంలో వాటా ఉంటుందని ఆశ చూపారు. బోస్ ఒప్పుకోలేదు. జ్ఞానం అందరిదీ అన్నది ఆయన నమ్మకం.

స్నేహితురాలు సారా బుల్ పట్టుబట్టడంతో అదే ఏడాది అమెరికాలో దరఖాస్తు చేశారు. గలీనా స్ఫటికంతో విద్యుత్ తరంగాలను పసిగట్టే సాధనానికి 1904లో పేటెంట్ వచ్చింది. దాన్ని ఆయన సొమ్ము చేసుకోలేదు.

1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ ఆవలి నుంచి వైర్‌లెస్ సంకేతం అందుకున్నారు. 1909లో నోబెల్ పంచుకున్నారు. ఆ ప్రయోగంలో వాడిన పాదరసపు డిటెక్టర్‌కు మూలం బోస్ పనేనని 1998లో ఐఈఈఈ పత్రికలో వచ్చిన వ్యాసం వాదించింది. ఆధారం ఏమిటి? 1899లో బోస్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రం. ఆయన 1937లోనే కన్నుమూశారు. అరవై ఏళ్ల తర్వాత ఆయన తరఫున మాట్లాడింది తేదీ ఉన్న ఆ కాగితమే. డబ్బు వదులుకున్నా, ఏం చేశారో ఎప్పుడు చేశారో రాసిపెట్టడం ఆయన మానలేదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి ఇవి. ప్రాజెక్టుకు ఒక నోట్‌బుక్ పెట్టించండి, ప్రతి పేజీలో తేదీ వేయించండి. కొత్త ఆవిష్కరణ అనిపిస్తే అందరికీ చూపించకముందే పేటెంట్ నిపుణుణ్ణి అడగండి. దరఖాస్తుకు ముందే బయటపెడితే సాధారణంగా పేటెంట్ అవకాశం పోతుంది. ముందుగా ప్రొవిజనల్ దరఖాస్తు వేస్తే, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. పేటెంట్ కాలం 20 ఏళ్లు. కథకు, బొమ్మకు, పాటకు మాత్రం సృష్టించగానే కాపీరైట్ వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఇంకో మాట. నెట్‌లో దొరికిన ప్రాజెక్టును మన పిల్లల పేరుతో తెచ్చి పెట్టకండి. అదీ ఎవరో ఒకరి కష్టమే.

బోస్‌లాగా అందరికీ పంచిపెట్టడం గొప్ప విషయం. అయితే అది తెలిసి తీసుకున్న నిర్ణయం కావాలి, తెలియక జారవిడుచుకున్నది కాకూడదు.