కుదురుగా కూర్చోని పిల్లవాడు



పేరెంట్స్ మీటింగులో టీచర్లు తరచూ అనే మాట మీరు వినే ఉంటారు: మీ బాబు తెలివైనవాడే, కానీ కుదురుగా కూర్చోడు. నేనూ చాలాసార్లు అన్నాను. ఈ నెల అలాంటి ఒక పిల్లవాడి గురించి చెబుతాను.

పేరు ఆన్సెల్ ఆడమ్స్. 1902లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. ఏ బడిలో వేసినా నిలవలేదు. 1915లో తండ్రి చార్లెస్ బడి మాన్పించి ఇంటి దగ్గరే చదువు చెప్పించాడు. ఆ ఏడాది ఊళ్లో జరుగుతున్న పెద్ద ప్రపంచ ప్రదర్శనకు సీజన్ పాసు కొనిచ్చాడు. అప్పటికే వ్యాపారం దెబ్బతిన్న ఇల్లది.

ఆ పిల్లవాడు కుదురుగా కూర్చున్నది పియానో ముందు. పెద్దయ్యాక అదే వృత్తి అనుకున్నాడు. అయితే 1916లో యోసెమిటీ లోయకు వెళ్లినప్పుడు అమ్మానాన్నలు చిన్న కొడక్ కెమెరా ఇచ్చారు. ఆ కొండలు, ఆ కెమెరా ఇక అతన్ని వదల్లేదు.

పియానోనా, కెమెరానా? ఇరవై ఎనిమిదేళ్లు వచ్చినా తేలలేదు. 1930లో న్యూమెక్సికోలోని టావోస్‌లో పాల్ స్ట్రాండ్ అనే ఫొటోగ్రాఫర్‌ని కలిశాడు. చూపించడానికి స్ట్రాండ్ దగ్గర ప్రింట్లు లేవు, నెగెటివ్‌లే ఉన్నాయి. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా కనిపించే ఆ ఫిల్ములను వెలుతురులో పెట్టి చూశాడు. అంతే, తన దారేదో తేలిపోయింది. పియానో వదలొద్దని ఇంట్లో బతిమాలినా మనసు మార్చుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆయన స్ట్రాండ్ తీసిన బొమ్మల్నే మళ్లీ తీయలేదు. తన కొండల దగ్గరికే తిరిగి వెళ్లాడు. మారింది చూపు. అంతవరకు వాడిన గరుకు కాగితం మానేసి, ప్రతి ఛాయా స్పష్టంగా కనిపించే నున్నటి కాగితం మీద ప్రింట్లు వేశాడు. తర్వాత, నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న ఛాయల్ని మెట్లుగా విడదీసి లెక్కగట్టే జోన్ సిస్టమ్‌ను ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి రూపొందించాడు. 1941లో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం చూసినప్పుడు వెలుతురు కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి కాంతి ఎంతో గుర్తుంది కాబట్టి మనసులోనే లెక్క వేసి తీశాడు. రెండో ఫొటోకి సిద్ధమయ్యేలోగా ఎండ పోయింది. ఆ ఒక్క ఫొటో ప్రపంచ ప్రసిద్ధమైంది. ఆయన 1984లో కన్నుమూశాడు.

బడి మాన్పించమని నేను చెప్పడం లేదు! ఈ ఆదివారం ఇంట్లోని పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటి తీసి, పిల్లలతో కలిసి పది నిమిషాలు చూడండి. వెలుతురు ఎటునుంచి పడుతోంది, అన్నిటికన్నా నల్లగా ఉన్నదేమిటి అని అడగండి. తర్వాత ఫోన్ ఇచ్చి, వాళ్లకు నచ్చినదాన్ని ఒక్కటంటే ఒక్క ఫొటో తీయమనండి.

ఈసారి మీటింగులో మీ బాబు కుదురుగా కూర్చోడని మేం అంటే, ఏం చేస్తున్నప్పుడు కూర్చుంటాడో మీరు మాకు చెప్పండి. అది మాకూ తెలియాలి.