కోకిలమ్మ మోసిన బట్టల మూట

వికారాబాద్, తాండూరు మీదుగా వాడి వైపు వెళ్లే రైలు దారి ఈనాటిది కాదు. నిజాం కాలంలో, 1874లో పడింది. ఆ రోజుల్లో హైదరాబాద్ వాళ్లు సీమకు వెళ్లాలంటే ముందు బొంబాయి చేరి ఓడ ఎక్కాలి. బొంబాయికి రైలు దారి ఇదే. అలా సముద్రం దాటిన తొలితరం ఆడపిల్లల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఒకరున్నారు. ఆమే సరోజినీ నాయుడు.

ఆమె పాటలాంటి కవిత్వం గురించి, గవర్నర్ పదవి గురించి అందరికీ తెలుసు. పరాయి దేశంలో, యుద్ధం ముంచుకొచ్చిన వేళ ఆమె చేసిన సేవ గురించి మాత్రం మనం తక్కువగా చెప్పుకుంటాం.

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాలీ. నిజాం కాలేజీకి పునాది వేసిన విద్యావేత్త. తల్లి వరదసుందరి. నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పదహారేళ్లకే, 1895లో, సరోజిని ఇంగ్లండు వెళ్లి చదువుకున్నారు. తిరిగొచ్చాక 1898లో తెలుగువారైన డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడిని పెళ్లాడారు. కులం వేరు, భాష వేరు. మద్రాసులో జరిగిన ఆ పెళ్లిని దగ్గరుండి చేయించింది మన కందుకూరి వీరేశలింగం పంతులుగారే! నలుగురు పిల్లలతో, వచ్చేపోయే వాళ్లతో హైదరాబాద్‌లో వాళ్ల ఇల్లు ఎప్పుడూ కళకళలాడేది.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది ప్రాణాలు పోయాయి. సరోజిని గడప దాటి సహాయ పనుల్లోకి దిగారు. ఆ సేవకు మెచ్చి ఆంగ్ల ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఈ పతకం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

ఆమె ఆరోగ్యం మొదట్నుంచీ అంతంతమాత్రమే. గుండె జబ్బు వేధించేది. 1914లో వైద్యం కోసం లండన్‌లో ఉన్నారు. ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మరో రెండు రోజులకు దక్షిణాఫ్రికా నుంచి గాంధీజీ, కస్తూరిబా లండన్‌లో దిగారు. సరోజిని వాళ్ల బస వెతుక్కుంటూ వెళ్లారు. చూస్తే ఆయన నేల మీద కూర్చుని, చెక్క గిన్నెలో టమాటాలు, వేరుశనగలతో భోజనం చేస్తున్నారు! సరోజినికి నవ్వు ఆగలేదట. ఆ నవ్వుతో మొదలైన స్నేహం ముప్పై ఏళ్లకు పైగా నిలిచింది.

అప్పుడు లండన్‌లోని భారతీయుల మధ్య పెద్ద వాదనే నడిచింది. మనల్ని బానిసలుగా చూసే దొరలకు కష్టం వస్తే మనమెందుకు సాయపడాలి? హక్కులు అడగడానికి ఇదే అదను కదా? అనేవాళ్లు చాలామంది. గాంధీజీ మాత్రం ఆపదలో ఉన్నవాళ్లతో బేరం పెట్టకూడదన్నారు. గాయపడినవాళ్లకు సేవ చేసేందుకు ఒక దళం కూడగట్టారు. దాదాపు ఎనభైమంది భారతీయులు ఆరు వారాలపాటు ప్రథమ చికిత్స నేర్చుకున్నారు.

మరి ఆడవాళ్లు? లండన్‌లో లైసియం అనే మహిళల క్లబ్బు ఉండేది. సైనికులకు బట్టలు కుట్టించి ఇచ్చే పని ఆ క్లబ్బు పెట్టుకుంది. సరోజిని అందులో చురుకైన సభ్యురాలు. కత్తిరించిన బట్టల మూట తెచ్చి గాంధీజీ ముందు పడేసి, కుట్టించి తనకు తిరిగి అప్పజెప్పమన్నారు. ఆయన కాదనలేదు. ఒకపక్క శిక్షణకు వెళ్తూనే స్నేహితుల సాయంతో కుట్టించగలిగినన్ని కుట్టించారు. పేరున్న కవయిత్రి, పైగా మందులు మింగుతూ ఉన్న మనిషి... ఇంత చిన్న పని నాకెందుకు అనుకోలేదు. యుద్ధంలో చలికి వణికే కుర్రాడికి చొక్కా ఎంత అవసరమో నలుగురు పిల్లల తల్లికి ఒకరు చెప్పాలా?

సేవ చేసినంత మాత్రాన ఆమె దొరల మనిషి అయిపోలేదు. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధులను కాల్చి చంపాక, మూసీ వరదల సేవకు వచ్చిన ఆ పతకాన్ని వెనక్కి ఇచ్చేశారు. వరద బాధితులకు చేసిన సేవ ఆమె మనసులో ఎక్కడికీ పోలేదు. అన్యాయం చేసినవాళ్లు తగిలించిన బిళ్ల మాత్రం ఆమెకు అక్కర్లేకపోయింది.

1924లో మళ్లీ ఓడెక్కారు. ఈసారి ఆఫ్రికాకు. కెన్యాలో మంచి భూములన్నీ తెల్లవాళ్లకే దక్కుతున్నాయి, మనవాళ్లకు ఓటులో సమాన హక్కు లేదు. జనవరిలో మొంబాసాలో తూర్పు ఆఫ్రికా భారతీయుల మహాసభకు ఆమె అధ్యక్షత వహించారు. అక్కణ్నుంచి దక్షిణాఫ్రికా వెళ్లారు. అక్కడ భారతీయుల ఇళ్లూ దుకాణాలూ వేరే వాడల్లోకి నెట్టే చట్టం రాబోతోంది. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు, ప్రధాని స్మట్స్‌నూ కలిశారు. ఆ ఏడాదే ఎన్నికల్లో స్మట్స్ ఓడిపోవడంతో ఆ బిల్లు పక్కకు పోయింది. అలాగని వివక్ష ఆగలేదు. మరుసటి ఏడాదే అలాంటి బిల్లు ఇంకొకటి వచ్చింది. అయినా తమకోసం ఒక తల్లి సముద్రం దాటి వచ్చిందన్న ధైర్యం అక్కడి మనవాళ్లకు మిగిలింది.

1925లో కాన్పూరు కాంగ్రెస్‌కు ఆమె అధ్యక్షురాలయ్యారు. ఆ పీఠమెక్కిన మొదటి భారతీయ మహిళ ఆమే. 1947లో స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నర్ అయ్యారు. 1949 మార్చి 2న లక్నోలో, ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు.

ఈ తిరుగుళ్లకు ఆమె చెల్లించిన వెల తక్కువేం కాదు. నెలల తరబడి పిల్లలకు దూరం, ఎప్పుడూ అనారోగ్యం. ఆమె దేశాలు పట్టుకు తిరుగుతుంటే హైదరాబాద్‌లో డాక్టరు పని చూసుకుంటూ ఇంటిని నిలబెట్టింది గోవిందరాజులుగారు. ఆయన ఓర్పు లేకపోతే ఆమె కథ మరోలా ఉండేదేమో!

ఇప్పుడు వికారాబాద్ నుంచో తాండూరు నుంచో ఆడపిల్ల విదేశానికి చదువుకో ఉద్యోగానికో వెళ్తానంటే మనం మురిసిపోతాం. అదే పిల్ల, గొడవలున్న చోటికి సేవ చేయడానికి వెళ్తానంటే? గుండె గుభేలుమంటుంది. అది సహజమే. భయపడాల్సిన చోట భయపడాల్సిందే, జాగ్రత్తలు అడగాల్సిందే. కానీ నీకెందుకమ్మా ఈ తలనొప్పి అని నోరు మూయించే ముందు, జబ్బు ఒంటితో బట్టల మూట మోసుకెళ్లిన మన హైదరాబాద్ ఆడపడుచును ఒక్కసారి తలుచుకుందాం.